ముందెద్దుకు గంట కట్టని రోజు

ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. సాలూరులో ఎడ్ల మీద ఉప్పు వేసుకుని కొండెక్కేవాడి ఒంటి సంగతి ఎవరికి కావాలి? కానీ పోయిన నెల సంతలో మా జట్టువాడొకడు డొక్క పట్టుకుని కూలబడి, "ఏటీ నేదు, ఎండదెబ్బ" అన్నాడు. వాణ్ణి చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. నోరు నొప్పి పుట్టేదాకా తిట్టాను. వాడు నవ్వాడు. నోటితో ఎంతమందిని తిట్టగలను? అందుకని కలం పట్టాను. వీధిబడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఇందుకైనా పనికిరావాలి.

ఆడవాళ్లు ఇది చదవక్కర్లేదు. వాళ్లకు ఈ సంగతి ముందే తెలుసు. మగవాళ్లకే రాస్తున్నాను.

ఆషాఢం

మా పని తెలియనివాళ్లకు ముందు అది చెప్పాలి. బండి వెళ్లలేని కొండదారుల్లో సరుకు ఎడ్ల వీపు మీదే వెళ్తుంది. ఒక్కో ఎద్దుకు గోనెపట్టా పరిచి, అటొక బస్తా ఇటొక బస్తా వేలాడేస్తాం. ఉప్పు, ఎండుచేపలు, బట్టలు ఎత్తుకుని కనుమ ఎక్కి అరకు లోయ సంతల్లో అమ్ముతాం. పసుపు, పిప్పళ్లు, చింతపండు, నూనెకు ఆడే వలిసెలు దించుకొస్తాం. ఎప్పుడూ జట్టుగానే వెళ్తాం. మా జట్టుకు నేనే పెద్దను, ముందెద్దు నాది. దాని మెడలో గంట ఉంటుంది. కనుమలో మంచు దిగిందంటే ముందు మనిషి వెనక మనిషికి కనపడడు. ఆ గంట చప్పుడు వింటూనే మిగతా ఎడ్లన్నీ నడుస్తాయి.

మన్యంలో సర్కారు మీద లేచిన ఫితూరీ అణిగి, కొండదారులు మళ్లీ తెరుచుకున్న తర్వాతి ఏడాది అది. అంతకుముందు సంతలు సరిగా సాగక, ఎడ్లను ఊరికే మేపుకుంటూ కూర్చున్నాం. దారి తెరుచుకోగానే ఒక్క వారం కూడా వదలకూడదని పంతం పట్టాం. ఆషాఢంలో ఒకసారి కనుమ దిగుతూ గెడ్డలో, అంటే కొండవాగులో, నీళ్లు తాగాం. కొత్త వాన నీళ్లు, ఎర్రగా ఉన్నాయి. దాహం వేస్తే రంగు ఎవరు చూస్తారు? ఇంటికొచ్చాక నాకు జిగట విరేచనాలు పట్టుకున్నాయి. మా ఆవిడ పైడమ్మ దానిమ్మ తొక్క కషాయం కాచి పోసింది. తగ్గాయి. తగ్గాయనే అనుకున్నాను. వెంటనే మళ్లీ కొండెక్కేశాను.

భాద్రపదం

ఎద్దు మీద బరువు వెయ్యాలంటే ఇద్దరు మనుషులు కావాలి. అటొకడు, ఇటొకడు నిలబడి, ఒక్కసారే బస్తా భుజం మీదికి తీసుకుని, ఒక్కసారే లేపి, తాళ్లు కలిపి ముడెయ్యాలి. ఒకడు ముందు, ఒకడు వెనక అయితే ఎద్దు నడుం తిప్పేసి బరువంతా కింద పారేస్తుంది. నాకు ఎదురుమనిషి అప్పలసామి, పైడమ్మ తమ్ముడు. మా ఇద్దరికీ మాట అక్కర్లేదు. ఒక్క మూలుగు చాలు, రెండు బస్తాలూ కలిసి లేస్తాయి.

భాద్రపదంలో నా కుడిభుజం నొప్పి మొదలైంది. బస్తా ఎత్తే భుజమే. ఇంక అనుమానం ఎందుకు? కుమ్మరికి నడుం నొప్పి వస్తుంది, మాకు భుజం నొప్పి వస్తుంది. పని చేసిన మగాడికి ఆమాత్రం నొప్పి ఉండాలని కూడా అనుకున్నాను. అప్పలసామి ఆముదం రాసి తోమేవాడు. పైడమ్మ ఇసుక వేయించి గుడ్డలో మూటగట్టి కాపడం పెట్టేది. అయినా నొప్పి తగ్గలేదు. దానికి తోడు సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, చలేసేది. కొండ తిరిగేవాడికి మన్యం జ్వరం కొత్తేమీ కాదు కాబట్టి దాన్ని కూడా లెక్కచెయ్యలేదు. అన్నం చూస్తే అసహ్యం వేసేది. పంచె నడుం దగ్గర నిలవక కిందికి జారిపోతుంటే, బట్ట సాగిందన్నాను.

ఇంట్లో పెద్దవాళ్లు, "ఇది కొండలో పట్టిన జబ్బు, కొండ దేవతకే సెప్పుకోవాల" అన్నారు. కొండమీద అడిగితే దిసారి, అంటే అక్కడ మంచిచెడ్డలు చూసి చెప్పే పెద్దాయన, నన్ను ఎగాదిగా చూసి, "ఇది నాది కాదు, కింద ఊరిది. కిందే చూపించుకో" అన్నాడు. నాకు ఈ రెండు మాటలూ బాగా కలిసొచ్చాయి. కింద ఉన్నప్పుడు ఇది కొండ జబ్బనేవాణ్ణి, కొండమీద ఉన్నప్పుడు కింద చూపించుకుంటాననేవాణ్ణి. మధ్యలో కనుమ ఎక్కుతూ దిగుతూ ఉండేవాణ్ణి.

ఆసుపత్రి మా ఇంటికి మూడు వీధుల అవతలే ఉంది. ప్రతి వారం దాని గేటు ముందు నుంచే ఎడ్లను తోలుకెళ్లేవాణ్ణి. తల తిప్పి చూసేవాణ్ణి కూడా కాదు.

దసరా వెళ్లాక

ఒకరోజు పొద్దున పైడమ్మ ఎడ్లకు నీళ్లు పెడుతూ నన్ను పిలిచింది.

"మావా, ఇటు రా. ముందెద్దుకి ఎడంపక్క ఈపు సెక్కిపోనాది. కుడిపక్క సూడు, ఎంట్రుక కూడా రాలనేదు. ఏటిది?"

చూశాను. ఎడమవైపు గోనెపట్టా కింద తోలు ఊడి ఎర్రగా పుండు పడింది. బరువు ఒకపక్కే ఎక్కువగా పడితే అలా అవుతుంది. నాకు కోపం నషాళానికి అంటింది. అప్పలసామిని కేకేశాను.

"ఎవుడ్రా బస్తాలు నింపినోడు? ఒక పక్కే బరువేసి ఎద్దుని సంపేత్తావేట్రా?"

వాడు తల వంచుకుని నిలబడ్డాడు. "నానే నింపినాను బావా. నీ పక్క బస్తాలో ఉప్పు తీసి నా పక్కన ఏత్తన్నాను. నేకపోతే నివ్వు లేపలేకపోతన్నావు. సెప్తే కొడతావని సెప్పనేదు."

పైడమ్మ నావైపు చూసింది. నేను ఎద్దువైపు చూశాను. ఆ పూట అన్నం కూడా తినకుండా పక్కవీధిలో పశువుల మందిచ్చే ముసలాయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన్ని ఇంటికి తీసుకొచ్చి, వేపనూనెలో పసుపు కలిపి పుండుకు పట్టించి, ఆ ఎద్దు మళ్లీ కొండెక్కకుండా కొన్నాళ్లు ఆపేశాను. పైడమ్మ గుమ్మంలో నిలబడి అదంతా చూసింది.

"ఎద్దుకి మందు ఇయ్యాలే కావాల," అంది. "నీకు మాత్రం పండగెల్లాల, అమాస ఎల్లాల, పసుపు దిగాల. నివ్వు ఎద్దుగా పుట్టినా బాగున్ను మావా."

"నోర్ముయ్యవే" అన్నాను. ఆ మాట అంటుంటే పక్కటెముకల కింద పోటు పొడిచింది. దగ్గు వచ్చినట్టు నటించాను. అప్పటినుంచి మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఆవిడ వండి పెట్టేది, నేను కెలికి లేచేవాణ్ణి. అప్పలసామి అక్కకూ నాకూ మధ్య బిక్కుబిక్కుమంటూ తిరిగేవాడు.

కార్తీకం

ముందెద్దు పుండు మానింది. నా ఒళ్లు మాత్రం మానలేదు. అయినా ప్రయాణానికి సిద్ధమయ్యాను. కొండమీద వలిసె చేలు పచ్చగా పూసే రోజులు అవి, సంతలకు జనం బాగా దిగుతారు. పొద్దున్నే జట్టంతా మా వీధిలో చేరింది. ఎడ్ల మీద బరువులు వేసేశారు. నా పక్క బస్తా అప్పలసామి ఎవరితోనో లేపించాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను. ఇంక గంట ఒక్కటే మిగిలింది.

మా ఇంట్లో ముందెద్దుకు గంట కట్టేది ఆడమనిషి. మా అమ్మ కట్టేది, ఆవిడ తర్వాత ఆ పని పైడమ్మ చేతికి వచ్చింది. జట్టులో ఇంకెవరూ ఆ గంట ముట్టుకోరు. గంట కట్టకుండా జట్టు కదలదు.

పైడమ్మ గుమ్మంలోకి వచ్చింది. గంట ఆవిడ బొడ్డులో దోపుకుని ఉంది.

"కట్టు," అన్నాను.

"కట్టను."

"ఏటే?"

"ఆసుపత్రికెల్లి రా. అప్పుడు కడతాను."

వీధంతా వింటోంది. నా తల కొట్టేసినట్టయింది. మా జట్టులో ముసలాయన మెల్లగా, "బేగి కట్టమ్మా, పొద్దెక్కిపోతంది" అన్నాడు.

పైడమ్మ ఆయనవైపు తిరిగింది. "మీ జట్టు పెద్ద అన్నం తిని ఎన్నాళ్లయినాదో మీకెవులికైనా తెలుసా? పక్కలో పోటొత్తే పళ్లు కొరుక్కుంటన్నాడు. కనుమలో పడిపోతే మీరే మొయ్యాల. ఇక్కడైతే మూడు ఈదులే. ఇయ్యాల తన కాళ్ల మీద నడిసెల్లొచ్చు. రేపటికి ఆ కాళ్లు ఉంటాయో నేదో."

ఎడ్లు బరువులతో నిలబడి తోకలు ఆడిస్తున్నాయి. బరువుతో ఎద్దును ఊరికే నిలబెట్టడం మాకు పెద్ద పాపం కింద లెక్క. ఆవిడకు అది తెలుసు. తెలిసే బరువులు వేసేదాకా ఆగింది.

"నిమిషంలో వచ్చేత్తాను!" అని అరిచాను. "బరువులు దించకండి! ఎవుడైనా దించినాడో సంపేత్తాను!"

పై కండువా విసిరి భుజం మీద వేసుకుని నడిచాను. ప్రాణభయంతో ఆసుపత్రికి వెళ్లానని ఎవరైనా అంటే నమ్మకండి. పెళ్లాం మాట తప్పు అని నలుగురిలో తేల్చడానికి వెళ్లాను.

ఆసుపత్రి అరుగు

ఆసుపత్రి అరుగు మీద ఒకవైపు ఆడవాళ్లు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎందుకొచ్చావమ్మా అని కంపౌండరు అడిగితే, నొప్పి ఎక్కడో ఎప్పటినుంచో చక్కగా చెప్పేస్తున్నారు. ఇంకోవైపు మగవాళ్లం. మా వైపు సంత కబుర్లు తప్ప జబ్బు మాటే లేదు. నా పక్కాయన కాలు గుమ్మడికాయంత వాచి ఉంది. ఎందుకొచ్చారంటే, "మా తమ్ముడికి మందు కోసం" అన్నాడు. అవతలాయన, ఇటుగా పోతూ డాక్టరుగారిని పలకరిద్దామని వచ్చాడట. నన్నడిగితే, "ఊరికే, మా ఆడోళ్ల సాదస్తం" అన్నాను. ముగ్గురం ఒకరినొకరు నమ్మినట్టు తలలూపుకున్నాం.

డాక్టరుగారు వయసు మళ్లిన మనిషి. పేరడిగారు.

"సింహాచలం, బాబూ. భుజం నొప్పి. నూనె ఏదైనా ఇస్తే పోతాను. బయట ఎడ్లు నిలబడున్నాయి."

ఆయన భుజం నొక్కారు. చెయ్యి పైకెత్తించారు, తిప్పించారు. తర్వాత బల్ల మీద పడుకోమని, కుడివైపు పక్కటెముకల కింద వేళ్లు పెట్టి నొక్కారు. నేను వేసిన కేకకు అరుగు మీద కబుర్లు ఆగిపోయాయి.

"నీ భుజంలో ఏమీ లేదయ్యా," అన్నారాయన. "కార్జంలో చీము పట్టింది. లోపలి నొప్పి పైకెక్కి భుజంలో తెలుస్తోంది. ఈమధ్య విరేచనాలేమైనా పట్టాయా?"

ఆషాఢం సంగతి చెప్పాను. తగ్గిపోయాయన్నాను.

"తగ్గలేదు. లోపల కాపురం పెట్టాయి. ఇంకొన్నాళ్లు ఇలాగే తిరిగితే లోపలే పగులుతుంది. పగిలితే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు. ఇక్కడే ఉండాలి నువ్వు."

"ఎడ్లు నిలబడున్నాయి బాబూ," అన్నాను మళ్లీ. ఆ క్షణంలో నాకు ఇంకేమీ తోచలేదు.

"ఎడ్లు నిలబడగలవు. నువ్వు నిలబడలేవు," అన్నారు.

నాకు భయం వేసింది. పులి అరుపు విన్నప్పుడు కూడా అంత భయపడలేదు. పులి ఎక్కడుందో తెలుస్తుంది, అటు చూసి పరిగెత్తొచ్చు. ఇది నాలోనే ఉంది. బల్ల అంచు పట్టుకుని కూర్చుని, ఎడ్ల మీద బరువులు దించమని ఇంటికి కబురు పంపాను. పైడమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. గెలిచినట్టు ఒక్క మాట కూడా అనలేదు. నా కండువా తీసి మడతపెట్టి, మంచం పక్కన నేలమీద కూర్చుంది. అప్పుడు ఏడ్చింది.

కార్తీకం చివర

రోజూ సూదిమందు పొడిచేవారు. దాంతో గుండె దడదడలాడేది, కళ్లు తిరిగేవి. తర్వాత ఒకరోజు పెద్ద సూదితో పక్కలోంచి చీము తీశారు. మేము గోనెలు కుట్టే దబ్బనం ఉంటుంది చూడండి, అంత ఉంది. అంతకుమించి రాయను. పైడమ్మ నా తల గట్టిగా పట్టుకుంది. ఆ మర్నాడు నాకు ఆకలి వేసింది. గంజి తాగి ఇంకా కావాలన్నాను. కంపౌండరు నవ్వాడు. అప్పటిదాకా ఆ మనిషికి నవ్వడం వచ్చని నాకు తెలియదు.

అదే రోజుల్లో నా పక్క మంచం మీదికి గాసి వచ్చాడు. అరకు అవతల కొండ ఊరు అతనిది. ఊరివాళ్లు డోలీ కట్టి కనుమ మీదుగా మోసుకొచ్చారు. వాళ్లకు కింద ఊరి గాలి పడదని భయం. అతన్ని దించి, మంచినీళ్లు కూడా తాగకుండా అదేరోజు తిరిగి వెళ్లిపోయారు. అతని పెళ్లాం సుక్రి ఒక్కతే ఉండిపోయింది.

గాసి నావైపు తల తిప్పి, "నీకూ బుజమేనా సావుకారీ?" అన్నాడు.

"బుజమే."

"నాకు కావిడి మోసి వచ్చిందనుకున్నా. కుడి నొప్పెడితే ఎడం బుజానికి మార్చుకున్నా. వానల్లో మొదలైంది." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నీకెప్పుడు?"

నేను చెప్పాను. ఇద్దరం ఒకేలాంటి మూర్ఖులమని నవ్వబోయాం. అతను నవ్వలేకపోయాడు.

పైడమ్మ ఇంటికి వెళ్లినప్పుడు, నేను గిన్నె పట్టుకోలేక అవస్థపడుతుంటే సుక్రి లేచి వచ్చింది. నా మెడ కింద చెయ్యి పెట్టి లేపి గంజి పట్టించింది. "సంతలో నీ దగ్గరే ఉప్పు కొంటా," అంది. "నువ్వు తక్కువ కొలవవు." జీవితంలో చాలామంది నన్ను మెచ్చుకున్నారు. ఆ మాట దగ్గర మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

డాక్టరుగారు గాసికి కూడా మందు మొదలుపెట్టారు. చీము తీయడానికి అన్నీ సిద్ధం చేసుకుంటుండగా, పొద్దున పూట అతను ఒక్కసారి మెలికలు తిరిగి కడుపు పట్టుకున్నాడు. లోపల పగిలింది. డాక్టరుగారు పరిగెత్తుకొచ్చారు, చాలాసేపు అతని పక్కనే ఉన్నారు. ఏమీ చెయ్యలేకపోయారు. అతను పోయేటప్పుడు నేను పక్క మంచం మీదే ఉన్నాను. అతనికీ నాకూ ఒకటే జబ్బు, ఒకటే మందు. నేను కొన్నాళ్లు ముందు వచ్చాను, అంతే. అదీ నా గొప్పతనం కాదు. పైడమ్మ గంట కట్టి ఉంటే, ఆ రోజుకు నేను కనుమలోనే ఎక్కడో పడి ఉండేవాణ్ణి.

సుక్రి గట్టిగా ఏడవలేదు. అతని మీద దుప్పటి సర్ది, నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"నువ్వు బతుకుతావా?" అని అడిగింది.

నాకు తెలియదు. అయినా, "బతుకుతాను" అన్నాను. అన్న తర్వాత ఆ మాట తప్పకూడదనిపించింది.

"బతికితే మా ఊరు రా. కింద ఊరెల్తే చస్తారని మావోళ్లు అంటారు. ఇప్పుడింకా అంటారు. నువ్వొచ్చి అందరికీ కనపడు."

వస్తానన్నాను. అప్పలసామి, మా జట్టువాళ్లు గాసిని సాగనంపే ఏర్పాట్లు చేసి, సుక్రిని కనుమ దాటించి ఊరు చేర్చారు.

పుష్యం, మాఘం

ఇంటికొచ్చాక నడవడం మళ్లీ నేర్చుకున్నాను. మొదట గుమ్మందాకా, తర్వాత వీధి చివరిదాకా. బరువు ముట్టుకోవద్దన్నారు. జట్టును అప్పలసామి నడిపాడు. వాడి ప్రయాణాలకు కూడా పైడమ్మే గంట కట్టింది. నేను అరుగు మీద కూర్చుని చూసేవాణ్ణి. అది కష్టంగా ఉండేది. చిరాకుపడి పైడమ్మ మీద అరిచిన రోజులూ ఉన్నాయి. ఆవిడ ఆ అరుపులు పడుతూనే వేళకు గంజి, వేళకు మందు తెచ్చేది. ఒకరోజు అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, "ఆ రోజు గంట కట్టకపోవడం మంచిదైందే" అన్నాను. ఆవిడ గిన్నె తీసుకుంటూ, "తెలుసు" అంది.

ఫాల్గుణం

డాక్టరుగారు నడవొచ్చు అన్న వారమే జట్టుతో బయల్దేరాను. పైడమ్మ వద్దనలేదు. సుక్రికిచ్చిన మాట ఆవిడకు తెలుసు. కర్ర పట్టుకుని ఆగుతూ ఆగుతూ కనుమ ఎక్కాను. గాసి ఊళ్లో మా ఎడ్ల కోసం పసుపు బస్తాలు సిద్ధంగా పెట్టారు. నేను మాత్రం పసుపు వైపు చూడలేదు. సుక్రి ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఊరి మగవాళ్లు చుట్టూ చేరారు.

ఒక పెద్దాయన సూటిగానే అన్నాడు. "గాసి కింద ఊరెల్లాడు. సూది పొడిచారు. చచ్చాడు."

నేను చొక్కా ఎత్తి పక్కటెముకల మీద మచ్చ చూపించాను. "పెద్ద సూది పొడిసింది నన్ను. గాసికి అది పొడిసే వేళ కూడా నేకపోనాది. పక్క మంచమే నాది. ఒకటే జబ్బు. నాను ముందొచ్చినాను, ఆయన ఆలస్యంగా వచ్చినాడు. తేడా అదే."

వాళ్లు మచ్చను దగ్గరగా వచ్చి చూశారు. ఒకాయన వేలితో తాకి చూశాడు. నమ్మారో లేదో తెలియలేదు. అంతలో గాసి తమ్ముడు బుద్రు కావిడి దించి వచ్చి కూర్చున్నాడు. కావిడిని ఎడంభుజం మీద మోసుకొచ్చాడు. బుగ్గలు పీక్కుపోయాయి. కూర్చునేటప్పుడు కుడిచెయ్యి పక్కటెముకలకు ఆనించుకుని మెల్లగా కూర్చున్నాడు.

"బుద్రూ, కుడి బుజం నొప్పా?"

"కావిడి నొప్పి," అన్నాడు.

"సాయంత్రం చలేస్తోందా?"

అతను కావిడి తాడు సర్దుకున్నాడు. సుక్రి ముఖం పాలిపోయింది. ఆ సంగతి ఆమెకు కూడా అప్పుడే తెలిసిందనుకుంటాను.

"రేపు నాతో దిగు," అన్నాను.

"ఇటుకల పండగ అవనీ," అన్నాడు బుద్రు. "పండగయ్యాక వస్తా."

కొండమీద చైత్రంలో ఇటుకల పండగ వస్తే మగవాళ్లంతా గుంపుగా వేటకు వెళ్తారు. జంతువును కొట్టకుండా ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు కలిపి ముఖాన కొడతారు, నవ్వుతారు. వేటకే వెళ్లనివాడి పరిస్థితి ఇంకా అన్యాయం. బుద్రు ఆ మాట అంటుంటే నా మాటే నాకు వినపడింది. పండగెల్లాల, అమాస ఎల్లాల. నేను చాలా చెప్పాను. బతిమాలాను, తిట్టాను. తను వేటకు రాకపోతే ఊరు నవ్వుతుందని ఒకటే మాట పట్టుకున్నాడు. మిగతా మగవాళ్లు కూడా అవునన్నట్టు తలలూపారు.

సుక్రి లేచి ఇంటి వెనక్కి వెళ్లింది. ఏడవడానికి వెళ్లిందనుకున్నాను. కాసేపటికి కుండతో వచ్చింది. వచ్చి, ఒక్క మాట లేకుండా, కుండెడు పేడనీళ్లు బుద్రు నెత్తిన కుమ్మరించేసింది.

పక్కనున్న మగవాళ్లు పేడనీళ్లు చిందకుండా వెనక్కి జరిగారు.

"నీ వేట అయిపోయింది," అంది సుక్రి. "ఎల్లావు, ఏమీ కొట్టలేదు, ఉత్తచేతులతో వచ్చావు. పేడనీళ్లు పోశాను. నీ పండగ అయిపోయింది. ఇంకేటి మిగిలింది నీకు? లే."

ముందు ఒక ముసలమ్మ నవ్వింది. తర్వాత ఆడవాళ్లందరూ నవ్వారు, తర్వాత మగవాళ్లు. పేడ కారుతున్న ముఖంతో బుద్రు కూడా నవ్వబోయాడు. నవ్వు సగంలో పక్క పట్టేసి, ముఖం వంకర్లు పోయి, ముందుకు ఒరిగిపోయాడు. అందరూ చూశారు. నవ్వులన్నీ ఆగాయి.

అతను కాసేపటికి తలెత్తి నావైపు చూశాడు. "గెడ్డలో మునిగి వస్తా," అన్నాడు. "ఏటి పట్టుకు రావాలి?"

"నిన్ను నువ్వు అట్టుకునిరా. సాలు," అన్నాను.

మర్నాడు పసుపు బస్తాలు వాళ్ల అరుగు మీదే వదిలేశాం. ముందెద్దు మీద గోనెపట్టా మెత్తగా పరిచి బుద్రును ఎక్కించాం. అతని వెనక సుక్రి నడిచింది. కింద ఊరంటే భయపడే ఆ ఊరి మగవాళ్లు ఇద్దరు కూడా వచ్చారు. ఈసారి వాళ్లు దించేసి వెళ్లిపోలేదు. ఆసుపత్రి అరుగు మీద నా పక్కనే కూర్చున్నారు. లోపల డాక్టరుగారు పక్కటెముకల కింద నొక్కి ఉంటారు, బుద్రు కేక మాకు అరుగు మీదికి వినిపించింది. వాళ్లిద్దరూ బెదిరిపోయి నా చెయ్యి పట్టుకున్నారు. నాకు మాత్రం ఆ కేక చెవికి ఇంపుగా ఉంది. అంత గట్టిగా అరిచే సత్తువ ఇంకా ఉంది అతనికి.

డాక్టరుగారు బయటికొచ్చి నన్ను చూసి, "ఇతన్ని వేళకు తెచ్చావయ్యా" అన్నారు.

ఆ ఏడు బుద్రు వేటకు వెళ్లలేదు. మరుసటి ఏడు, అంటే మొన్నటి చైత్రంలో, వెళ్లాడు. పొద్దు గూకేదాకా అడవంతా తిరిగి, కుందేలు కూడా కొట్టకుండా ఇంటికొచ్చి, సుక్రి చేత మళ్లీ పేడనీళ్లు పోయించుకున్నాడట.